రమణమ్మత్త నారుమడిలో నా సైన్సు

కొత్త టార్చిలైటు బ్యాటరీల వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నా తల దానంతటదే వాలిపోతుంది.

తొమ్మిదో తరగతి, ఒంటిపూట బడులు, ఊరంతా మామిడికాయ వేసిన చేపల పులుసు వాసన, ఎండాకాలపు ఎడగారు పంటకు నార్లు పోసే రోజులు. సైన్సు అయ్యవారు కిటికీలు మూయించి మూడు గ్లాసుల్లోంచి టార్చి వేశారు. బురద నీళ్లలో మట్టి కాసేపటికి అడుగుకు దిగింది. నాలుగు చుక్కల పాలు కలిపిన నీళ్లలో వెలుగు తెల్లటి దారంలా కనబడింది, అది కొల్లాయిడ్. ఉప్పునీళ్లలో దారమే లేదు, పూర్తిగా కరిగిన ఉప్పు వెలుగుకు కూడా దొరకదు, అది నిజ ద్రావణం. "ఏదీ నోట్లో పెట్టుకోబాకండ్రా" అన్నారు చివర్న. పాఠం మొత్తంలో నాకు అతికింది ఆ ఒక్క ముక్కే.

సాయంత్రానికి మా నాన్న టార్చి నా చేతికొచ్చింది. ఆకాశానికి వేస్తే సముద్రంలో ఓడలు దారి తప్పేటంత లైటు. చారు, మజ్జిగ, గేదె కుడితి, చివరికి అవ్వ కంటి మందు కూడా పరీక్షించి, పక్కింటి రమణమ్మత్త చేను మీద పడ్డాను. ఎకరం కౌలు, దానికి ఒకే నారుమడి, అది పోతే ఆ కారు పంటే పోయినట్టు. ఇసుకలో తవ్విన దొరువు నీళ్లే ఆధారం. ఉప్పుటేరు పోటెత్తితే అవీ ఉప్పెక్కుతాయి కనక, ఆమె రోజూ దోసిట్లో తీసుకుని, రుచి చూసి, ఉమ్మి, అప్పుడు నీళ్లు తోడే ఇంజను వేసేది.

"నోట్లో పెట్టుకోబాకత్తా. సైన్సులో అది తప్పు," అని గ్లాసులో పట్టి లైటు వేశాను. "దారం ల్యా. మంచినీళ్లే."

"నీ చదువును నమ్మి నీళ్లు పెడతా ఉండా మరి, అబ్బయ్యా."

"పెట్టుకో."

ఆమె తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని ఇంజను వేసింది.

మూడోనాటికి నారు కొసలు ఎర్రబడ్డాయి, వారానికి మడి కొబ్బరిపీచు పట్టాలా తయారైంది. మడిగట్టు గెనిమ మీద జనం చేరి, "రుచి చూళ్లేదా రమణమ్మా?" అని అడిగారు.

"చూసినా. నా నాలికే మొద్దుబారినట్టుంది," అందామె, నా వైపు చూడకుండా. పుట్టినప్పటినుంచి ఆగకుండా వాగిన నేను ఆ పూట మాత్రం మూగవాణ్ణయ్యాను. ఆ కారంతా ఆమె పరుల చేలల్లో కూలికి నాట్లేసింది.

మొన్న ఊరికి వెళితే ఆ చేను రొయ్యల గుంట. దొరువు పూడిపోయింది, ఆమె పోయింది, ఉప్పునీళ్లను మోటార్లు పెట్టి మరీ తోడుతున్నారు. ఆమె కూతురు గుర్తుపట్టి పలకరించింది.

"పోయేదాకా అడగతానే ఉండిందన్నా, ఆ అబ్బయ్య సైన్సు బాగా చదివినాడా అని."

"ఫస్టు క్లాసులో పాసయినా," అన్నాను.

ఆ అమ్మాయి ముఖం వెలిగింది. మిగతాది చెప్పడానికి నాకు అప్పుడూ నోరు రాలేదు.