మందు తగలని కాసరకాయ

మా మరిది కాలేజీ చదివినవాడు. బడి గడప తొక్కకుండా ఇంట్లో నాన్న దగ్గరే అక్షరాలు దిద్దుకున్న నాకు ఏది తిండో, ఏది కలుపో అతనే చెప్తుంటాడు.

తమిళనాట కోవిల్‌పట్టి పక్కన మా నల్లరేగడి చేలో దీపావళి వచ్చే ఐప్పసి నెల వానలకు కాసరకాయ తీగ తనంతట తానే లేస్తుంది. విత్తనం ఎవరూ వెయ్యరు. గడ్డ నేలలోనే ఉంటుంది. ఎండాకాలమంతా పడుకుని, తడి తగలగానే గట్టు మీద పాకుతుంది. వేలి కణుపంత కాయ, కాకరను మించిన చేదు. కోసిన పూటే రెండు కొనలూ గిల్లి చిన్న ఉల్లిపాయలతో వేయించుకోవాలి. మర్నాటికి పగిలిపోతుంది. ఫ్రిజ్‌ను నమ్ముకున్నవాళ్లకు అది లొంగదు. తొలి కోత దేవుడి ముందు పెట్టనిదే మా ఇంట్లో ఎవరూ నోట వెయ్యరు. అలా పెట్టి వండినదాన్ని అడిగినవాళ్లకు లేదనకూడదు.

కిందటేడు మరిది మక్కజొన్న వేసి, కలుపు మందు కొట్టించడానికి సిద్ధమయ్యాడు. ఆ మందు కొట్టాక పక్క చేలో తీగ మళ్లీ లేవలేదు. అది చూసినదాన్ని కనుక బతిమాలాను.

“గట్టు మాత్రం వొదిలెయ్యప్పా. కాసర గడ్డలుండాయి.”

“అది కలుపు వొదినే! సుమ్మా, ఊరికే మొలిచేదానికి ఇంత బాదా? టౌనులో ఏసీ అంగడుండాది. యేం కావాలో సెప్పు, తెస్తాను.”

మందు కొట్టించాడు, అన్న మాట ప్రకారం తెచ్చాడు కూడా. కివి పండ్లు, నురుగు వల చొక్కాలు తొడుక్కున్న ఆపిల్‌లు. ఏ దేశంలో ఎప్పుడు కోశారో కన్న చెట్టుకే గుర్తుండదు. పండు పండే కదా, ఇచ్చిన స్వామికి దండం పెట్టి తిన్నాను. తడిపిన దూది నమిలినట్టుంది.

తర్వాత మరిదికి షుగరు వచ్చింది. విరుదునగర్ వెళ్లి షుగరుకు మంచిదని ఒక సీసా తెచ్చి, దాని మీది ఇంగ్లీషంతా నాకు చదివి వినిపించాడు.

“కాసరకాయ పొడి వొదినే! ఒరిజినల్ అంట.”

“అవునప్పా, మూతకు సీలు కూడా ఉండాదే” అన్నాను. చేలో ఉన్నదాన్ని చంపి, సీసాలో ఉన్నదాన్ని కొనుక్కొచ్చిన చదువుకు అంతకన్నా ఏమనగలను?

ఈసారి ఐప్పసి వాన పడ్డాక రోజూ గట్టంతా వెతికాను. ఏమీ లేవలేదు. చివరికి చేని మూల సామిరాయి చుట్టూ మూడు తీగలు కనిపించాయి. చెప్పులతో అక్కడికి వెళ్లడానికి మందు కొట్టేవాళ్లు జంకారు కాబోలు. రెండు తీగల కాయలు కోసి, దేవుడి ముందు పెట్టి వండాను.

వాసనకే మరిది వచ్చి కూర్చున్నాడు.

“వొదినే, నాకూ రెండు పెట్టేది?”

నీకు సీసా ఉందిగా అనే మాట నోటిదాకా వచ్చింది. మింగేసి వడ్డించాను. కంచం తుడుచుకుని తిన్నాడు.

“యాడ కాసింది ఇది?”

“నీ మందు సామికి బయపడిన కాడ.”

మర్నాడు వెళ్లి చూస్తే, సామిరాయి నుంచి గట్టు పొడుగునా సున్నం పూసిన రాళ్లు. ఈ రాళ్లు దాటి మందు రాకూడదని మందు కొట్టేవాళ్లకు మరిది చెప్పాడట. వరస మాత్రం వంకర. కాలేజీ చదువు మరి.

మూడో తీగను నేను ముట్టలేదు. కాయలు పగిలి, గింజలు ఆ రాళ్ల లోపలే రాలాలని దండం పెట్టుకుని వచ్చాను.