కారుతో వచ్చిన గారు

యెహెజ్కేలు ముప్ఫై నాలుగేళ్ళు కాలవ మీద లస్కరుగా చేశాడు. పేరు వినడానికి బాగానే ఉంటుంది గానీ పని మాత్రం ఎండకీ వానకీ సైకిలు తొక్కడమే. సామర్లకోట పోయే కాలవ మీద ఏడు తూములు ఆయన పాలు. తెల్లవారగానే ఇంటి దగ్గర బయల్దేరి గట్టు మీద ఎగువకి పోతూ, ఒక్కో తూము దగ్గరా దిగి, గేజీ రాయి మీద నీళ్ళు ఏ అంకె దాకా ఉన్నాయో చూసి, వంతు ప్రకారం తలుపు ఎత్తడమో దించడమో చెయ్యాలి. నీళ్ళు కావలసిన వారం రైతులు ఆయన్ని నెత్తిన పెట్టుకునేవాళ్ళు. చేను తడిశాక మళ్ళీ "ఒరే యెహెజ్కేలూ". ఏరు దాటాక తెప్ప తగలేయడం మనవాళ్ళకి ఒకళ్ళు నేర్పాలా!

రిటైరయ్యాక ఆయన చేసిన మొదటి పని ఓ పాత తెల్ల కారు కొనడం. పేటలో అదే మొదటి కారు. చర్చి ఇంటికి కేక వేస్తే వినపడేంత దూరం, అయినా ఆదివారం కారులోనే వెళ్ళాలి. భార్య సంపూర్ణమ్మ ముందు సీట్లో కూర్చోవాలి. నడిచి ముందే వెళ్ళిపోయిన వాళ్ళు గుమ్మంలో నిలబడి ఈ కారు దిగేవాళ్ళ కోసం చూస్తుంటే ఆవిడకి సిగ్గుతో చచ్చినంత పనయ్యేది. లోపల మాత్రం పొంగిపోయేది. ఆ నెలలోనే టీ కొట్టు దగ్గర ఎవరో "లస్కరు గారూ, రండి, కూర్చోండి" అన్నారు. ఆ రాత్రి యెహెజ్కేలు అన్నం తింటూ, "చూశావుటే సంపూర్ణం, కారు వస్తే గారు వచ్చింది" అని ఒకటే నవ్వు.

ఆ గారు ఆరేళ్ళు నిలిచింది.

తర్వాత మరుపు మొదలైంది. కారు సామర్లకోట బజారులో వదిలేసి ఆటోలో ఇంటికొచ్చి, కారు ఎవరో ఎత్తుకుపోయారని గోల చేశాడు. అందరూ నవ్వారు, సంపూర్ణమ్మా నవ్వింది. రెండోసారీ అలాగే జరిగితే నవ్వు కాస్త తగ్గించుకుంది. మూడోది రైలు గేటు దగ్గర. గేట్లు పడబోతుంటే ముందు గేటు దాటి, సరిగ్గా పట్టాల మీద కారు ఆపి, ఇంజను కట్టేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ముందూ వెనకా గేట్లు దిగిపోయాయి.

"ఏవండీ, ఆపారేంటి?" పక్కనున్న సంపూర్ణమ్మ ఆయన భుజం కుదిపింది.

"తలుపులు దించారు కదే. నీళ్ళు సమం కానీ, వెళదాం."

ఆవిడకి అర్థం కావడానికి క్షణం పట్టింది. కాలవల్లో పడవలు తిరిగిన రోజుల్లో లాకుల దగ్గర పడవ రెండు తలుపుల మధ్యా ఆగేది. పై నీళ్ళూ కింది నీళ్ళూ సమానం అయ్యేదాకా కదలకూడదు. చిన్నప్పుడు చూసిన ఆ లాకు ఆయనకి రైలు పట్టాల మీద కనపడింది. గేటుమాను తిడుతూ పరిగెత్తుకొచ్చాడు, నలుగురు మనుషులు కారుని వెనక్కి నెట్టారు. రైలు సిగ్నల్ దగ్గర ఆగబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఈ కథ అక్కడే అయిపోయేది.

కూతురు ఆశాజ్యోతి కాకినాడ ఆసుపత్రిలో నర్సు. తండ్రిని పెద్ద డాక్టరుకి చూపించింది. "ఇది తగ్గేది కాదమ్మా. ముదరకుండా చూడాలి, అదీ పూర్తిగా మన చేతిలో లేదు" అన్నాడాయన. మర్నాడు మధ్యాహ్నం భర్త నిద్రపోతుండగా సంపూర్ణమ్మే కారు తాళాలు తీసి పక్క ఊరి పల్లంరాజు గారి చేతిలో పెట్టింది. కారు అమ్మేసినందుకు కాదు, ఆయన నిద్రలో ఉండగా అమ్మినందుకు ఆవిడకి తనమీద తనకే అసహ్యం వేసింది. పల్లంరాజు మంచివాడు. యెహెజ్కేలు కంట పడేలా ఆ కారు గట్టు మీదికి తీసుకురానని మాటిచ్చాడు, మాట నిలబెట్టుకున్నాడు కూడా.

"కారేదే?" అని లేవగానే అడిగాడు యెహెజ్కేలు.

"షెడ్డుకి ఇచ్చామండీ. రిపేరు."

ఆ రిపేరు ఇప్పటికీ అవలేదు. రోజూ పొద్దున్న అడుగుతాడు, రోజూ ఆవిడ అదే చెబుతుంది. టీ కొట్టు దగ్గర మాత్రం వారం తిరక్కుండానే "ఏరా యెహెజ్కేలూ, కారు అమ్ముకున్నావంట?" అని మొదలైంది. "అమ్మడమేంటి, షెడ్డులో ఉంది" అంటే ఘొల్లున నవ్వారు. కారు పోతే గారు పోయింది. ఆయనకి అది తెలిసిందో లేదో గానీ సంపూర్ణమ్మకి తెలిసింది. ఆ నవ్విన నోళ్ళలో మన్ను పడ అని చర్చిలో కూర్చుని తిట్టుకుంది, తిట్టుకున్నందుకు మళ్ళీ అక్కడే క్షమాపణ అడిగింది.

ఇంకో వారానికి యెహెజ్కేలు పెరట్లో మూలపడ్డ పాత సైకిలు బయటికి లాగి, చైనుకి నూనె పెట్టి, గాలి కొట్టించుకుని, తెల్లారేసరికి గట్టు ఎక్కేశాడు. సంపూర్ణమ్మ వెనక పరిగెత్తింది, అందలేదు. అరుగు మీద కూర్చుని ఏడ్చింది. తొమ్మిదింటికి ఆయన చొక్కా నలక్కుండా తిరిగొచ్చి టిఫిన్ ఏంటని అడిగాడు. సొంత వీధిలో ఎడమా కుడీ తేల్చుకోలేని మనిషి!

"దారి ఎలా తెలిసిందండీ?"

"తెలియడమేంటే పిచ్చిదానా. నీళ్ళు ఎటు పారితే ఇల్లు అటే."

నిజమే. వెళ్ళేటప్పుడు నీళ్ళకి ఎదురు, వచ్చేటప్పుడు నీళ్ళ వెంట. ఆ మెదడులో అన్నీ చెరిగిపోతున్నా ఆ ఒక్క లెక్క మాత్రం చెరగలేదు.

ఆశాజ్యోతి మాత్రం ఆ తర్వాతి ఆదివారం ఓ పెద్ద తాళం కొనుక్కొచ్చింది. "అమ్మా, గేటుకి వెయ్యి. ఇలా బయటికెళ్ళి కాలవల్లో తేలినవాళ్ళని నేను చూశాను."

"మనిషినే, గొడ్డుని కాదు. కట్టేస్తానా? ఆ సైకిలు మీద ఉన్నంతసేపే ఆయన ఆయనలా ఉంటున్నారు."

"అయితే వెనకాల ఎవరో ఒకరు ఉండాలి. ఉండలేని రోజు తాళం. ఇది ఒప్పుకో."

సంపూర్ణమ్మ ఒప్పుకుంది. తాళం బీరువాలో చీరల కింద పెట్టింది. యాభై ఎనిమిదేళ్ళ వయసులో, మోకాళ్ళ నొప్పులతో, సైకిలు నేర్చుకోవడానికి అంగన్‌వాడీ ఆయా లోవలక్ష్మి దగ్గర చేరింది. బడి ఆవరణలో పంతొమ్మిది రోజులు పడింది, లేచింది, మళ్ళీ పడింది. "ముసలమ్మకి దసరా పండగ" అని జనం గోడ మీద నుంచి చూశారు. ఇరవయ్యో రోజు ఆవిడ కాళ్ళు పెడళ్ళ మీద నిలిచాయి. "ఇంక తొక్కేయండి పిన్నిగారూ, వెనక్కి చూడకండి" అని లోవలక్ష్మి తన సొంత సైకిలే ఇచ్చేసింది.

అప్పటినుంచి చలికాలమంతా గట్టు మీద రెండు సైకిళ్ళు. ముందు ఆయన, నాలుగు బారల వెనక ఈవిడ. ఆయన ప్రతి తూము దగ్గరా దిగి వంగి గేజీ చూసి, తనలో తను అంకె చెప్పుకుని, మళ్ళీ ఎక్కేవాడు. కొత్త లస్కరు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. వరి చేల మీంచి గాలి వస్తుంటే, ఆయన వీపు నిటారుగా కనపడుతుంటే, ఇలాగే పదేళ్ళు గడిచిపోకూడదా అనిపించేది సంపూర్ణమ్మకి. కారులో పక్కన కూర్చున్నప్పుడు కూడా ఆవిడ అంత సుఖపడలేదు.

ఓ మంచు పొద్దున్న మూడో తూము దగ్గర ఆయన సైకిలు దిగి ఆవిడకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏవండీ, మీది ఏ ఊరండి? రోజూ నా వెనకే వస్తున్నారు. బాగోదండి, మా ఆవిడ చూసిందంటే కష్టపెట్టుకుంటుంది."

పెళ్ళయిన నలభై ఒక్క ఏళ్ళలో ఆయన నోటి నుంచి ఆవిడకి 'నువ్వు', 'ఏమే' తప్ప ఇంకో మాట రాలేదు. ఆ 'అండి' చెంప మీద కొట్టినట్టు తగిలింది.

"నేనేనండీ, సంపూర్ణాన్ని."

"భలేవారే. మా సంపూర్ణానికి సైకిలు రాదండి."

ఆవిడ దిగి, స్టాండు వేసి, తలమీది చెంగు తీసింది. ఆయన దగ్గరికొచ్చి మొహంలోకి చూశాడు. "నువ్వుటే! ఇంత దూరం నడిచొచ్చావా? కాళ్ళ నొప్పులన్నావుగా."

అప్పటికి గండం గడిచింది. ఆ రోజు నుంచి సంపూర్ణమ్మ ఆయన వెనక్కి తిరిగే లోపల సైకిలు దిగడం నేర్చుకుంది. దిగితే పెళ్ళాం, ఎక్కితే పరాయిది. ఆయన వెంట ఉండటానికి నేర్చుకున్న విద్యే ఆయనకి తనని దూరం చేసింది. అయినా తాళం బీరువాలోనే ఉంది కదా అని సర్దిచెప్పుకునేది.

ఉగాది వెళ్ళింది, ఎండలు ముదిరాయి. ఏటా వేసవిలో కాలవ కట్టేస్తారు. పైన నీళ్ళు ఆపేసి, వానాకాలం దాకా మరమ్మతులు చేసుకుంటారు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే అయినా సంపూర్ణమ్మకి ఈ ఏడు ఆ సంగతి తలుచుకుంటే గుండెల్లో రాయి పడుతోంది. కొత్త లస్కరుని ఆపి అడిగింది.

"బాబూ, ఈసారి కాలవ కట్టడం కొంచెం ఆలస్యం చెయ్యకూడదాండీ?"

"ఏంటమ్మా, చేను ఎండుతోందా? ఎన్ని ఎకరాలు?"

"చేను లేదు బాబూ."

అతను నవ్వేసి వెళ్ళిపోయాడు. నవ్వక ఏం చేస్తాడు? మొగుడికి ఇల్లు చూపించడానికి నీళ్ళు ఇమ్మని ఏ ఆఫీసులో అర్జీ పెట్టాలి?

రోజుకింత చొప్పున నీళ్ళు తగ్గాయి. ఎగువ తూముల దగ్గర ఓ ఉదయానికి బురద తేలింది. చేపలు వలల్లో ఎగురుతున్నాయి. అక్కడక్కడా నిలిచిన మడుగులు తప్ప ఎటూ కదిలే నీళ్ళు లేవు. ఆ పొద్దున్న ఆయన్ని ఆపుదామని సంపూర్ణమ్మ గేటు దగ్గర నిలబడింది గానీ, ఆయన గంట కొట్టి "తప్పుకోవే, వంతు రోజు" అంటే తప్పుకుంది. ఆ 'వే' విని తప్పుకుంది.

అయిదో తూము దగ్గర యెహెజ్కేలు దిగాడు. వంగి గేజీ రాయి చూశాడు. అంకెలన్నీ పొడిగా బయటికి ఉన్నాయి. లేచి ఎగువకి చూశాడు, దిగువకి చూశాడు, మళ్ళీ ఎగువకి. సైకిలు హ్యాండిలు అటు తిప్పి, ఇటు తిప్పి, చివరికి వదిలేశాడు. అది పడిపోయింది. ఆయన తూము గట్టు మీద కూలబడ్డాడు.

సంపూర్ణమ్మ ముందే సైకిలు దిగి, చెంగు తీసి, నడుచుకుంటూ దగ్గరికి వెళ్ళింది. "ఇంటికెళదాం రండి."

ఆయన మర్యాదగా లేచి నిలబడ్డాడు. "మీరెవరో గుర్తు రావట్లేదండి. ఏమీ అనుకోకండి. ఇక్కడ నీళ్ళు ఎటు పోతున్నాయండి?"

ఆవిడ మొహం ఆయన మొహానికి ఎదురుగా పెట్టింది. ఆయన కళ్ళు దానిమీద తిరిగాయి. ఏదీ దొరకలేదు.

"మా ఆవిడ ఎదురుచూస్తుంటుందండి. సంపూర్ణం అని. ఆవిడకి సైకిలు రాదు. కారులో తిప్పేవాణ్ణి. కారు షెడ్డులో ఉంది."

"నాకు తెలుసండీ ఆవిడ" అంది సంపూర్ణమ్మ. ఏడిస్తే ఆయన బెదిరిపోతాడని ఏడవలేదు. "మీ ఇల్లు మా వైపే. నా వెనక రండి."

ఈసారి సైకిలు మీద ఆవిడ ముందు, ఆయన వెనక. నాలుగు తొక్కులకోసారి ఆవిడ తిరిగి చూస్తోంది. ఆయన పరాయి ఆడమనిషికి ఇవ్వాల్సినంత దూరం ఇచ్చి బుద్ధిగా తొక్కుతున్నాడు. మడుగుల్లో కొంగలు దిగాయి.

ఇంటి దగ్గర ఆవిడ గేటు తీసింది. ఆయన బయటే ఆగాడు. "నేను రావచ్చాండి?"

నలభై ఒక్క ఏళ్ళుగా ఆవిడ ఆయన్ని 'మీరు' అనే అంది. మొగుణ్ణి పిలిచే మాటా, ముక్కూ మొహం తెలియనివాణ్ణి పిలిచే మాటా ఒకటే కాబట్టి ఆవిడ కొత్తగా మాట వెతుక్కోనక్కర్లేకపోయింది.

"రండి" అంది.

ఆయన చెప్పులు వాకిట్లో విడిచి, అతిథిలా అరుగు చివర కూర్చున్నాడు. ఆవిడ సైకిళ్ళు రెండూ లోపల పెట్టింది. బీరువా తీసి, చీరల కింద నుంచి తాళం తెచ్చి, గేటు దగ్గరికి నడిచింది.

"అయ్యో, అప్పుడే వెయ్యకండి" అన్నాడు వెనక నుంచి. "మా ఆవిడ ఇంకా రాలేదు."

సంపూర్ణమ్మ తాళం వేసింది.