నా పేరు మీద జ్వరాలు

ఆ నాలుగేళ్లలో నాకు కామెర్లు మూడుసార్లు వచ్చాయి. మలేరియా ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. అన్నీ కాగితం మీదే. ఒంటికి ఒక్కటీ రాలేదు.

అప్పుడు నేను వరంగల్లో ఒక ఆఫీసులో టైపిస్టును. డెబ్బైల చివర్లో మా అత్తమ్మకు పక్షవాతం వచ్చి కుడి పక్కంతా పడిపోయింది. ఊళ్లోనే కాశిబుగ్గలో మగ్గం నేసిన చేయి, గ్లాసు కూడా ఎత్తలేకపోయింది. మా ఆయనకు డోర్నకల్‌లో రైల్వే డ్యూటీ. ఆదివారం వచ్చి, "అమ్మ ఎట్లున్నది?" అని నన్ను అడిగి, తిని పడుకునేవాడు. మంచంలో ఉన్న తల్లిని అడిగితే ఆమే చెప్పేది కదా! ఆ నాలుగేళ్లూ కడగడం, పక్క మార్చడం, గంజి తాగించడం నా పని. పగటిపూట పక్కింటామె కనిపెట్టుకుని ఉండేది. ఆమెకు వీలుకాని రోజు నేను సెలవు పెట్టాల్సిందే.

మొదటిసారి ఉన్నదున్నట్టు రాశాను, అత్తగారికి బాగాలేదని. హెడ్ క్లర్క్ ఆ కాగితం నా బల్ల మీద పడేశాడు.

"అత్తకు బాగలేకుంటె నీకెందుకమ్మా సెలవు? నీ పానం మంచిగనే ఉన్నది గద! జరమొచ్చిందని సర్టిఫికెట్ తీసుకరా, పో."

అబద్ధం నాకు ఆఫీసే నేర్పింది. నేర్పినవాళ్లే తర్వాత రోగిష్టిదన్నారు. ఆడవాళ్లను కొలువులో పెట్టుకుంటే ఇదే లొల్లి అని నా ముందే అన్నారు. కడుపు మండిపోయేది. మా ఆఫీసరు తండ్రి కూడా అప్పుడు మంచంలోనే ఉన్నాడు. మరి ఆయన ఇస్త్రీ చొక్కా నలగకుండా పదిన్నరకల్లా సీట్లో ఎట్లా ఉండేవాడు? ఇంట్లో భార్య ఉంది గనుక. ఆమెకు మెమో ఇచ్చేవాడు లేడు, సెలవు ఇచ్చేవాడూ లేడు.

రెండో ఏడు తిరిగేసరికి నా వల్ల కాలేదు. ఒకే వాక్యం నాలుగుసార్లు టైపు చేసేదాన్ని. ఎవరైనా పిలిస్తే ఉలిక్కిపడేదాన్ని. ఒక పొద్దున అత్తమ్మ గంజి ఉమ్మేసిందని గిన్నె గోడకేసి కొట్టాను. కొడతాననుకుని ఆమె ఎడమ చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుంది. నన్ను బిడ్డా అని తప్ప పిలవని మనిషి. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

ఆ నెలలోనే ఆఫీసరు పిలిచాడు. "ఊకె గీ జరాలేంది? పెద్ద దవాఖానకు పోయి చూపించుకో. డ్యూటీకి పనికొస్తవో లేదో రాయించుకరా. పనికిరావంటే ఇంటికి పంపిస్త."

మా ఇల్లు సగం నా జీతం మీదే నడిచేది. భయపడుతూ పోయాను. అక్కడి పెద్ద డాక్టరమ్మ నాడి చూసింది, గుండె చూసింది, తర్వాత స్టెతస్కోపు తీసి పక్కన పెట్టింది.

"కండ్లనిండ నిద్రపోయి ఎన్ని దినాలైంది బిడ్డా?"

అంతే, ఏడుపు ఆగలేదు. గిన్నె సంగతి కూడా చెప్పేశాను. ఆమె అంతా విని అంది, "ఒంటికేం కాలేదు. నీ మనసు అలిసిపోయింది. గదే రాస్త, నెలరోజులు రెస్టు తీసుకో."

"అట్ల రాయకున్రి, మీ కాళ్లు మొక్కుత," అన్నాను. "పిచ్చిదంటరు, కొలువు ఊడుతది. టైఫాయిడ్ అని రాయిన్రి."

ఆమె కాగితం ముందుకు లాక్కుంది. పెదవులు బిగించి టైఫాయిడ్ అనే రాసింది.

మర్నాడు ఆ కాగితం చూసి మా ఆఫీసరు మొహం మెత్తబడింది. "టైఫాయిడా! జర పైలం అమ్మా. పత్తెం మంచిగ చెయ్యి. తగ్గినంకనే రా, కొలువెక్కడికి పోదు" అని సంతకం పెట్టాడు.

"థాంక్స్ సార్" అన్నాను. ఆయన మీద కోపం ఎప్పుడో చల్లారింది. ఆ మాట అన్నందుకు నా మీద నాకు ఇంకా చల్లారలేదు.