గబ్బిలాల చెట్టు కింద నా ప్రారంభోత్సవం

మరీ తాతల కాలం సంగతేమీ కాదు. కరోనా వచ్చిన మొదటి వేసవి. ఆ రోజుల్లో మనుషులంతా తలుపులు బిడాయించుకుని ఎవరేం చెప్పినా వినేవారు. నేను చెప్పినా వినేవారంటే అవి ఎంత పాడు రోజులో మీరే ఊహించుకోండి. అంతకుముందు ఇరవై మూడేళ్ల జీవితంలో నా మాట విన్న ప్రాణి లేదు. మా ఇంటి కుక్క కూడా నేను పిలిస్తే ఒక చెవి ఎత్తి, పిలిచింది నేనే అని తెలియగానే దించేసేది. ఖమ్మంలో డిగ్రీ అయిందనిపించి, రెండేళ్లు కోచింగ్ సెంటర్ల బెంచీలు అరగదీసి, ఏ ఉద్యోగమూ రాక, బూర్గంపాడు దగ్గర్లో అడవి అంచున ఉన్న మా మేనమామ ఊరికి చేరాను. మామ బొగ్గుబావిలో పని చేసి రిటైరైన మనిషి. (బావి ఆయన మోకాళ్లను ఉంచేసుకుని మిగతా మనిషిని ఇంటికి పంపింది, అనేది మా అత్త.) ఆయనే ఎవరినో పట్టుకుని నాకొక టెంపరరీ పని ఇప్పించాడు. ఆటోకు మైకు కట్టుకుని, చేతులు కడుక్కోండి, మాస్కు పెట్టుకోండి, దూరంగా నిలబడండి అని చెబుతూ చుట్టుపక్కల ఊళ్లు తిరగాలి. చదవాల్సిన మూడు ముక్కలూ కాగితం మీద రాసిచ్చారు.

ఆ మూడు ముక్కలు నాకు చాలలేదు. అదీ నా రోగం. మొదటి రోజు కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివితే, కళ్లంలో మిరపకాయలు ఆరబోస్తున్న ఆడవాళ్లు తలెత్తి కూడా చూడలేదు. నాకు ప్రాణం ఉసూరుమంది. రెండో రోజు, ఫోన్లో ఏదో వీడియో చూసిన ధైర్యంతో, "గబ్బిలాలు! అసలు ఇదంతా గబ్బిలాల వల్లే!" అన్నాను. మిరపకాయలు ఆగిపోయాయి. ఇళ్లలోంచి మనుషులు బయటికొచ్చారు. ఒక ముసలమ్మ మంచం తెచ్చుకుని మరీ కూర్చుంది. ఆ తర్వాత నన్నెవరు ఆపుతారు? రోజురోజుకూ నా ప్రసంగంలో చేతులు కడుక్కోవడం తగ్గి గబ్బిలాలు పెరిగాయి. జనం నన్ను 'మైకు సారు' అనడం మొదలుపెట్టారు. సారు అనిపించుకోవడం అదే మొదలు. ఆ పొంగులో ఒక మధ్యాహ్నం, "గబ్బిలం నీడ పడినా ప్రమాదమే!" అనేశాను. అది ఏ వీడియోలోనూ లేదు, నా సొంతం. ఎవరు చెప్పారని ఒక్కరూ అడగలేదు. నేను కూడా నన్ను అడగలేదు. పైగా మా ఆటో డ్రైవరు దాన్ని రికార్డు చేసి, నాకు గొంతు నొప్పి పెట్టినప్పుడల్లా వేసేవాడు.

మా ఊరికి కొద్ది దూరంలో వాగు ఒడ్డున ఒక గూడెం ఉంది. అక్కడి మద్దిచెట్ల నిండా గబ్బిలాలు వేలాడేవి. అవి ఎప్పటినుంచి ఉన్నాయో ఎవరూ చెప్పలేరు. గూడెం వాళ్లు ఆ చెట్ల మీద కత్తి వెయ్యరు, దీపావళికి అటువైపు టపాకాయ కూడా కాల్చరు. నాకు ఇవేమీ తెలియవు. తెలుసుకోవాలన్న బుద్ధి కూడా పుట్టలేదు. ఒకరోజు పటాకుల బావ మామ ఇంటికొచ్చాడు. ఊళ్లో ప్రతి దీపావళికీ పటాకుల దుకాణం పెట్టేది ఆయనే కాబట్టి పెద్దాచిన్నా అందరికీ ఆయన పటాకుల బావే.

"సారూ, గూడెం కాడ మద్దిచెట్లు సూసినవా? నిండ గబ్బిలాలే. రేపు పొద్దుగాల ఊరంత గల్సి ఎల్లగొడ్తున్నం. మొన్నటి దీపావళి మాలు ఇంట్ల మస్తుగ మిగిలింది. నువ్వు రావాలె," అన్నాడు.

"నేనెందుకు?" అన్నాను, రమ్మని ఇంకోసారి అడిగించుకోవడానికి.

"గిదేంది సారూ! నువ్వు చెప్పకుంటే మాకేం ఎరుక? ఫస్ట్ బాంబు నువ్వే అంటియ్యాలె."

అంటే ప్రారంభోత్సవమన్నమాట. రిబ్బను కత్తిరించేవాళ్లనూ కొబ్బరికాయ కొట్టేవాళ్లనూ దూరం నుంచి చూడటమే తప్ప నన్నెవరు పిలిచారు గనక! ఉన్న ఒక్క తెల్లచొక్కా అత్తతో ఇస్త్రీ చేయించుకున్నాను. మంచం మీదున్న మామ అంతా విని, "అరేయ్, అవి నిన్నేమన్నయ్ రా?" అని ఒక్క మాట అడిగాడు. ఆయనకు సైన్సు తెలియదులే అనుకున్నాను. (నాకూ తెలియదు. డిగ్రీలో నాది కామర్సు.)

పొద్దున తొమ్మిదికే ఎండ మాడ్చేస్తోంది. చెట్ల కింద నా భుజాల చుట్టూ కొత్త తువ్వాల కప్పి సన్మానం చేశారు. తలెత్తి చూస్తే కొమ్మకొమ్మకూ గబ్బిలాలు. వేడికి రెక్కలతో విసురుకుంటున్నాయి. కొన్నింటి పొట్టలకు పిల్లలు కరుచుకుని ఉన్నాయి. అది నేను చూశాను. చూశానని ఒప్పుకోవడానికే ఇదంతా చెబుతున్నాను. మైకులో నాలుగు మాటలు మాట్లాడి, అగరుబత్తితో లక్ష్మీబాంబు అంటించాను. రెండుసార్లు తప్పింది, మూడోసారి అంటుకుంది. చప్పట్లు కొట్టారు. దాని వెనకే మిగతావాళ్లు తలా ఒకటి అంటించారు, డబ్బాలు మోగించారు, టైర్లు తగలబెట్టారు.

గబ్బిలాలన్నీ ఒక్కసారిగా లేచాయి. పగటి వెలుగులో ఎటు వెళ్లాలో తెలియక మా నెత్తి మీదే గుండ్రంగా తిరిగాయి. నేల మీద, మా చొక్కాల మీద, మొహాల మీద వాటి నీడలు పరుగెత్తాయి. అప్పుడు గుర్తొచ్చింది జనానికి నా సొంత కవిత్వం. "నీడ వడ్డది! సారూ, నా మీద నీడ వడ్డది!" అని పటాకుల బావ ఆటో కిందికి దూరాడు. డబ్బాలు పారేసి కొందరు, చెప్పులు వదిలేసి కొందరు, కండువాలు నెత్తిన కప్పుకుని ఊరు ఊరంతా పరుగు. ఒకాయన మాస్కు తీసి నడినెత్తిన పెట్టుకున్నాడు. డ్రైవరు ఆటో స్టార్ట్ చేసేసరికి బావ దాని కింద నుంచి దొర్లుకుంటూ వచ్చి ఎక్కేశాడు. నన్ను వదిలేసి వెళ్లిపోయారు. నవ్వొచ్చే దృశ్యమే. నవ్వాను కూడా. అంతలో నా కాళ్ల దగ్గర ఏదో మెత్తగా పడింది.

గబ్బిలం పిల్ల. తర్వాత ఇంకొకటి, ఆ తర్వాత చాలా. తల్లుల పట్టు తప్పి, పండిన కాయలు రాలినట్టు రాలాయి. కొన్ని కదిలాయి, కొన్ని కదల్లేదు. నా నవ్వు ఎక్కడ ఆగిందో నాకు తెలియదు.

గూడెంలోంచి ఒక తాత, వెనక నలుగురు ఆడవాళ్లు పరుగున వచ్చారు. వాళ్ల చేతుల్లో పొడుగాటి వెదురు గడలు, ఒక్కో గడ చివర పాత చీరతో కుట్టిన జోలె. ఎండాకాలమంతా మధ్యాహ్నాలు ఇంటికొకరు వంతులేసుకుని ఆ చెట్ల కింద కూర్చుంటారట. ఎండకు సొమ్మసిల్లి పడిన పిల్లను జోలెలో పెట్టి గడతో మళ్లీ కొమ్మకు అందిస్తారట. తిడతాడు, కొడతాడు అనుకుని నేను కళ్లు మూసుకున్నాను.

"బిడ్డా, గా తువ్వాల ఇటియ్యి," అన్నాడు తాత.

"ముట్టుకోవద్దు తాతా! వైరస్!" అన్నాను. బుద్ధి ఎక్కడికి పోతుంది!

"ఉత్త చేతుల్తోని ఎవ్వలు ముట్టరు తియ్యి. గుడ్డతోనే వట్టాలని మా తాత ఎన్నడో చెప్పిండు. జల్దీ రా, ఎండ ముదురుతున్నది."

సన్మానం తువ్వాలతో ఆయన ఒక్కొక్క పిల్లనే చుట్టి ఎత్తాడు. నేను గడ పట్టుకున్నాను. చేసిన పాపానికి చేతులు నొప్పి పుట్టేదాకా మోశాను. ఎండ నడినెత్తికొచ్చింది. తల్లులు ఏవో కొన్ని తిరిగొచ్చి పిల్లల్ని కరుచుకుని వెళ్లాయి. మిగతావి రాలేదు. జోలెల్లోంచి కొమ్మకెక్కించిన పిల్లలే ఒక్కొక్కటీ మళ్లీ కింద పడుతుంటే తాత ఇక ఎత్తడం ఆపేశాడు. "ఇప్ప పువ్వు మేం ఏరుకుంటం బిడ్డా. గని చీకటి వడ్డంక ఇవి అడవిల ఇప్పచెట్ల మీద తిరిగితెనే కాయ వడ్తది. కాయ లేకుంటె గింజ లేదు, నూనె లేదు. కొత్త చెట్టు సుత లేదు," అన్నాడు. నేను ఏడ్చాను. ఇరవై మూడేళ్లవాణ్ణి, ఇస్త్రీ చొక్కాలో, వెక్కి వెక్కి ఏడ్చాను.

ఇంటికొస్తే అత్త గడప తొక్కనివ్వలేదు. పద్నాలుగు రోజులు పొలం దగ్గర మోటారు కొట్టంలో ఉన్నాను. అత్త అన్నం గిన్నెను కర్రతో లోపలికి తోసి, "నీడ వడ్డదా, గబ్బిలమే వడ్డదా?" అని దూరం నుంచి అడిగేది. నాకేమీ కాలేదు. ఆ ఖాళీలో ఒక కొత్త ప్రసంగం తయారు చేసుకున్నాను. బయటికి రాగానే మైకు పట్టుకుని, "తప్పు చెప్పాను, క్షమించండి. గబ్బిలాలను ముట్టుకోవద్దు, కానీ చెట్లను వాటికి వదిలేయండి. అడవి పెరిగేది వాటివల్లే" అని ఊరూరా మొత్తుకున్నాను. జనం జాలిగా చూశారు. "పాపం, మైకు సారుకు తలకెక్కింది," అన్నారు. ఎంత గట్టిగా చెబితే రోగం అంత ముదిరిందనుకున్నారు. పటాకుల బావ కళ్లనీళ్లు పెట్టుకుని, "సారూ, దవాఖానకు వోదాం పా, నేనే తోల్కపోత," అన్నాడు. ఈలోపు నా పాత రికార్డు ఫోన్లకెక్కి ఎక్కడెక్కడికో వెళ్లింది. ఎర్రుపాలెంలో ఉండే అత్త చెల్లెలు దాన్ని తిరిగి అత్తకే పంపి, "ఎవరో సారు మంచిగ చెప్పిండక్కా, మీరు గూడ జాగ్రత్త," అంది. చివరకు మా పై సారు పిలిచి, "నీకిచ్చిన కాగితంలో గబ్బిలం ఉందా?" అని అడిగాడు. లేదన్నాను. మైకు అక్కడే పెట్టి వెళ్లమన్నాడు.

గబ్బిలాలు మళ్లీ రాలేదు. మరుసటి వేసవి వెళ్తే, ఖాళీ మద్దిచెట్ల కింద తాత గడ పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఇప్పపువ్వు బాగానే రాలిందట గానీ కాయ పట్టలేదట. "ఏం లేవు కదా, ఎందుకు కూసున్నవ్ తాతా?" అన్నాను. "ఇయ్యాల వంతు నాది," అన్నాడు. "మా మీద కోపమొచ్చి పోయినయ్. కోపం పోయినంక వస్తయ్ లే," అన్నాడు. మా మీద అన్నాడు. నీ మీద అనలేదు. తిట్టినా బాగుండేది.

తర్వాత నేను ఖమ్మంలో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరాను. అయినా ప్రతి వేసవిలో ఒక రోజు బస్సెక్కి వెళ్లి, తాత వంతులో ఆయన పక్కన కూర్చునేవాణ్ణి. ఆఖరుసారి వెళ్లినప్పుడు ఆయనకు చూపు సరిగా ఆనడం లేదు. "బిడ్డా, నేను పోయినంక అవి వస్తే నాకు చెప్పాలె," అన్నాడు.

"ఎట్లా చెప్పాలి తాతా?"

"గీ చెట్ల కింద నిలవడి గట్టిగ ఒర్రు. నీ గొంతు నాకెరికే గద. ఏడున్నా ఇనవడ్తది."

కిందటి చలికాలంలో తాత పోయాడు. ఈ వేసవి కూడా వెళ్లాను. వాగు ఎండింది, చెట్లున్నాయి, అవి రాలేదు. ఊరికే కాసేపు కూర్చుని బస్సెక్కాను. ఎండలు మొదలైతే చాలు, నేను ఐసు నీళ్లు తాగను, క్లాసులో పిల్లల మీద కేకలు వెయ్యను, పొద్దున్నే ఉప్పునీళ్లు పుక్కిలిస్తాను. ఇంత జాగ్రత్త ఎవరి కోసమని మా ఆవిడ నవ్వుతుంది. నాకూ నవ్వొస్తుంది. కానీ అవి వచ్చిన రోజున గొంతు బాగుండాలి కదా.