కొంగుకు రుద్దిన దూడ వాసన

అరవై ఏళ్ళకు పైగా దీన్ని మోస్తున్నాను. తల మీది గంప అయితే ఎక్కడో ఒకచోట దించి ఊపిరి పీల్చుకోవచ్చు. ఇది దిగదు. వీధిలో తెలియని గొంతు వినబడితే చేతిలో పని ఆగిపోతుంది. ఎవరో ముసలాయన ఒక చెయ్యి వంకరగా పెట్టుకొని నడిచిపోతుంటే మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడతాను. అతను కాదు, అతను ఈపాటికి చచ్చిపోయి ఉంటాడు అని నాకు నేనే చెప్పుకుంటాను. అట్లా చెప్పుకోవడంలో ఒక ఆశ ఉంది చూడండి, అదే నాకు సిగ్గు.

తిప్పి తిప్పి చెప్పడం నాకు రాదు. ఒక మనిషి పదిమందిలో రెండు మాటలు చెప్పాడు. రెండూ నిజం. మొదటిది నిజమని మా అన్నకూ నాకూ తెలుసు. రెండోది నిజమని నా ఒక్కదానికే తెలుసు. ఆ రెండో మాటకే అతని చెయ్యి విరగ్గొట్టారు.

మీరెవరో నాకు తెలియదు. తెలిసి ఉంటే రాసేదాన్ని కాదేమో.

మా ఊరు తమిళ దేశంలో, బొమ్మిడి నుంచి ఏ. పళ్లిపట్టికి పోయే దారిలో ఉంది. మాది పశువుల మీద బతికిన ఇల్లు. అమ్మా నాయనా ఒకే వానాకాలంలో జ్వరంతో పోయారు. అప్పుడు నాకు ఏడేళ్ళు, అన్నకు పదహారు. రాగి సంగటి ఒక ముద్దే ఉంటే, "నేను సంతలోనే తినొచ్చినానులే" అనేవాడు. ఏమీ తినలేదని ఎండిన పెదాలు చూస్తేనే తెలిసేది. నాకు జడ వెయ్యడం కూడా పక్కింటి ఆమెను చూసి నేర్చుకున్నాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నాను? మీరు నా మీద కాస్త జాలి పడాలనా? అది కూడా ఉండొచ్చు.

నాకు పదహారేళ్ళు వచ్చేసరికి యుద్ధం నడుస్తోంది. కిరసనాయిలుకు చీటీ, గింజలకు చీటీ. వానలు లేవు. మా రెండెద్దుల్లో ఒకటి చచ్చింది, రెండోదాన్ని అమ్ముకొని తిన్నాం. అన్న ఊరివాళ్ళ పశువులను కడత్తూరు సంతకు తోలుకొనిపోయి అమ్మిపెట్టేవాడు. ఒక సంతరోజు సాయంత్రం ఒక చూడి ఆవును తోలుకొచ్చాడు. ఎర్రది, నుదుట తెల్లమచ్చ. దాని చెవి కొన కోసిన గాయం ఇంకా పచ్చిగానే ఉంది. చెవికి వేసిన పాత గుర్తును కోసేస్తే అట్లాగే ఉంటుంది. పశువుల కొట్టంలో పెరిగినదాన్ని, నాకు తెలియదా? "ఎక్కడిది అన్నా?" అని అడగలేదు. అడిగితే చెప్పేస్తాడేమోనని భయం.

మూడు నెలలకు ఆవు ఈనింది. పెయ్యదూడ. దాన్ని నా చేతుల్తోనే బయటికి లాగాను. పదో రోజున అతను వచ్చాడు.

బొమ్మిడి అవతల రైలుకట్టకు మట్టి మోసే మనిషి. మా లాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు. ముప్పై ఏళ్ళు ఉంటాయి. కొండ దగ్గర మేతకు వదిలిన ఒక్క ఆవు పోతే, మూడు నెలలుగా ఊరూరూ వెతుక్కుంటూ వచ్చి మా కొట్టం ముందు ఆగాడు. ఈ ఆవు నాది అన్నాడు. ఇది అతని మొదటి మాట. అన్న సంతలో కొన్నానన్నాడు. ఎవరి దగ్గర అంటే, ముఖం గుర్తులేదన్నాడు. తగువు ఊరిపెద్ద దగ్గరికి పోయింది.

మా ఊళ్ళో ఇట్లాంటి తగువు వస్తే పశువునే అడిగేవారు. ఖాళీ కళ్ళంలో ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెడతారు. పశువును నడుమ వదులుతారు. ఎవరి దగ్గరికి పోతే వాళ్ళది. చేతిలో గడ్డి ఉండకూడదు, ఉప్పు ఉండకూడదు. అందరి ముందూ చేతులూ కాళ్ళూ కడుక్కోవాలి. దూడ ఉంటే ఊరి అవతల కట్టేస్తారు, ఆవు దాని కోసం పోకుండా. చిన్నప్పటి నుంచి పెంచిన చెయ్యిని పశువు మరిచిపోదని పెద్దల నమ్మకం. ఆ నమ్మకం తప్పేమీ కాదు. అందుకే మా అన్న ముఖం మాడిపోయింది.

మరునాడు పొద్దున కొట్టంలో గోడకు ఆనుకొని కూర్చున్నాడు.

"అది వానికాడికే పోతాది మే," అన్నాడు.

"పోతే ఏమయితాది?"

"ఏమయితాదా? పోలీసు స్టేషను పుస్తకంలో దొంగని పేరెక్కిస్తారు. దినామూ పోయి వేలిముద్ర వెయ్యల్ల. నిన్ను దొంగ చెల్లెలంటారు. నిన్నెవుడు చేసుకుంటాడు?"

"నన్నెవురూ చేసుకోవద్దులే. నువ్వు దొంగతనం చేస్తివా లేదా, అది చెప్పు."

అన్న ఆవు వైపు చూశాడు. "నువ్వు పాలు తాగి ఎన్నేండ్లాయె మే," అన్నాడు.

ఆ పది రోజులూ పాలు తాగింది నేనే.

"కళ్ళంలో నేను నిలబడతా. మేపేది నేనే కదా," అన్నాను.

"నువ్వు నిలబడితే మాత్రం?"

"నువ్వు పోయి మొగం కడుక్కోని రా. ఎవురూ అడగకముందే చెప్పేసేటట్టు ఉండాది ఆ మొగం."

అన్న పోయాక నేను చేసిన పని ఎవరూ చూడలేదు. ఆ పొద్దు దూడను కుడవనివ్వలేదు. అది అరుస్తూనే ఉంది. తల్లి పొదుగు బిగిసిపోయింది. దూడను ఒళ్ళోకి లాక్కొని నా చీర కొంగుతో దాని ఒళ్ళంతా రుద్దాను. మూతి, కడుపు కింద, తోక కింద, కొంగు తడిసేదాకా. తరువాత ఆ కొంగును మడిచి నడుములో దోపుకున్నాను. ఆవు దూడను కంటితో కాదు, ముక్కుతో గుర్తు పడుతుంది. దూడ చచ్చిపోతే దాని తోలును ఇంకో దూడ మీద కప్పి పాలు పిండడం చిన్నప్పుడే చూశాను. ఆ పొద్దు నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. అన్న చెప్పలేదు. ఈ మాట గట్టిగా రాస్తున్నాను, అన్న చెప్పలేదు.

కళ్ళం చుట్టూ ఊరంతా నిలబడింది. ఇద్దరమూ చేతులూ కాళ్ళూ కడుక్కున్నాం. నిలబడే చోటు ముందుగా నన్ను ఎంచుకోమన్నారు, ఆడపిల్లనని. గాలి నా వీపు వైపు నుంచి కళ్ళంలోకి వీచే చోట నిలబడ్డాను.

ఆవును వదిలారు. అతను పిలిచాడు. "లచ్చుమీ, రా తల్లీ, రా." ఆవు చెవులు నిక్కబొడిచింది. అతని వైపు నాలుగడుగులు వేసింది. ఇంకో నాలుగు. గుంపులో మా అన్న కూలబడడం కనబడింది. నేను ముఖం తుడుచుకుంటున్నట్టు కొంగు తీసి ఒకసారి విదిలించాను.

ఆవు ఆగింది. ముట్టె పైకెత్తింది. ఒక అరుపు అరిచి గిరుక్కున తిరిగి నా మీదికి పరుగెత్తుకొచ్చింది. నా నడుము దగ్గర తల దూర్చి కొంగు నాకడం మొదలుపెట్టింది. నాలుగు చన్నుల నుంచీ పాలు మట్టిలోకి కారుతున్నాయి. జనం కేకలు వేశారు.

అతను నా ముఖం చూడలేదు. పొదుగు చూశాడు. పశువు గురించి తెలిసినవాడు కదా.

"సామీ, పాలు చేపింది సూడండి. ఆ పాప కొంగులో దూడ వాసన ఉండాది. ఒకతూరి ఆ కొంగు సూడండి సామీ!"

ఇది రెండో మాట.

ఊరిపెద్ద నా వైపు తిరిగాడు. మంచి మనిషి ఆయన. "ఏమ్మా, నిజమేనా?" అన్నాడు.

ఆ ఒక్క గడియ ఎన్ని వేలసార్లు నా ముందుకు వచ్చిందో. అవును అని ఉంటే? అన్న పేరు పుస్తకంలోకి ఎక్కేది, అంతే కదా. చచ్చిపోయేవాడు కాదు. కాదు అనైనా అని ఉంటే, అది ఒట్టి అబద్ధం, అబద్ధాలు లోకంలో అందరూ ఆడతారు. నేను అవును అనలేదు, కాదు అనలేదు. ఏడుస్తూ ఒక మాట అడిగాను.

"ఇంతమంది మొగోళ్ళు, నా కొంగు పట్టుకోని వాసన చూస్తారా సామీ?"

ఏడుపు నిజమే. భయంతో వచ్చింది. కానీ ఆ మాట భయంతో వచ్చింది కాదు. ఆ మాట ఏం చేస్తుందో నాకు తెలుసు.

మొదటి దెబ్బ మా అన్నదే. తరువాత ఎవరెవరివో. ఆడపిల్ల కొంగు మీద మాటాడతాడా అని అరుస్తూ బండి కర్రతో కొట్టారు. అతను మోచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. నేను ఆవు మెడ మీద చెయ్యి వేసుకొని నిలబడే ఉన్నాను.

నాలుగు రోజులకు అతను పెళ్ళాన్ని తీసుకొని బొమ్మిడిలో రైలెక్కి పోయాడని విన్నాం. ఆ చేత్తో మట్టి మోయలేడు కదా. ఎక్కడికి పోయాడో తెలియదు. పేరు కూడా తెలియదు. ఆ తగువు నడిచినంతసేపూ అతని పేరు ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆ తరువాత అన్న మళ్ళీ ఇంకొకరి పశువు తాడు ముట్టలేదు. ఆ ఆవు సంతానంతోనే మా కొట్టం నిండింది. ఏటా మొదటి ఈత పాలు గుడికి మోసుకొనిపోయేవాడు. నేను ఏం చేశానో అతనికి తెలుసనీ, నా కోసమే అడగకుండా ఉన్నాడనీ నలభై ఏళ్ళు అనుకున్నాను. ఒక రహస్యాన్ని ఇద్దరం మోస్తున్నామనుకుంటే కొంచెం తేలికగా ఉండేది.

అన్న మంచాన పడి ఇక లేవడని తెలిసిన రోజుల్లో ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకున్నాడు.

"అది నేను దొంగిలించిన ఆవే మే. అయినా నీకాడికి వచ్చె చూడు. అమ్మవారే నా తప్పు మన్నించి దాన్ని పంపినాది. లేకుంటే అది యాల వస్తాది?"

అంటే, తెలియదు. నలభై ఏళ్ళూ తెలియదు. నా కొంగు వాసనను పట్టుకొని దేవత క్షమించిందనుకొని మంచివాడుగా బతికాడు. ఆ మనిషిని కొట్టడం కూడా న్యాయమే అనుకున్నాడేమో. నిజం నోటి దాకా వచ్చింది. తడిగుడ్డతో అన్న పెదాలు తుడిచి ఊరుకున్నాను. అన్న మీది ప్రేమా అది? లేక చివరి రెండు రోజులూ నన్ను అసహ్యంగా చూస్తాడేమోనన్న భయమా? నాకు తేలలేదు. ఇప్పటికీ తేలలేదు.

అరవై దాటాక నేను అక్షరాలు నేర్చుకున్నాను. చిత్తూరు వైపు నుంచి మా వీధికి వచ్చిన ఒక టీచరమ్మ తెలుగు రాయడం నేర్పింది. మా ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, చదివేది మాత్రం తమిళం. కాబట్టి ఇది బల్ల మీద తెరిచి పెట్టినా ఎవరికీ అర్థం కాదు. రాస్తూ ఉంటే ఆ సంగతి నాకే తట్టింది. ఒప్పుకునేటప్పుడు కూడా దాక్కునే చోటు చూసుకున్నానా?

అందుకని పోయిన వారం మా అన్న పెద్దకొడుకును పిలిచి కూర్చోబెట్టి పైకి చదివాను. వాడికీ ఇప్పుడు తల నెరిసింది. చేతిలో మజ్జిగ గ్లాసుతో విన్నాడు. మొదటి దెబ్బ వాళ్ళ నాయనదే అన్నచోట గ్లాసు కింద పెట్టాడు.

"మా నాయన ఉండంగా చెప్పింటే ఏమి, అత్తా?"

"చెప్పలేకపోయినా రా."

"మరి ఇప్పుడెందుకు చెప్తివి? ఆయప్ప వచ్చి ఆవును తోలుకోని పోతాడా?"

వాడు లేచి చెప్పులు తొడుక్కొని, వాకిట్లో నిలబడి, నా వైపు తిరక్కుండానే అన్నాడు. "ఇంగ ఎవురికీ చదవొద్దు. ఇంటి మాట ఇంట్లోనే ఉండనీ." అప్పటి నుంచి మా గడప తొక్కలేదు.

వాడి కోపం న్యాయమే. వాడి నాయనను వాడి నుంచి కొంచెం లాగేసుకున్నాను. పుట్టింటివాళ్ళ మాట నేను ఇన్నేళ్ళలో ఎప్పుడూ దాటలేదు. ఈ కాగితాలు మీ చేతికి వచ్చాయంటే, దాటాను.

ఆవు అతనిది. దూడా అతనిదే. నా కొంగులో దూడ వాసన ఉండింది. నేనే రుద్దుకున్నాను. దీనివల్ల అతని చెయ్యి అతుక్కోదు, అది నాకు తెలుసు. అక్షరాలు వంకరపోతున్నాయి. అయినా చదవగలరు.