ఆడ పోలీసుల సినిమాకు పెద్దబాపును తీసుకుపోయిన రోజు

నెక్కొండ నుంచి వరంగల్‌కు సినిమా కోసం రైలెక్కడమంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. ఎనభైల్లో మాకు అదే పెద్ద ప్రయాణం. ఆ దారిన ఒక పూట తిరిగొద్దామనుకునేవాళ్లు నన్ను అడుగుతుంటారు కాబట్టి, నేను అన్నిటికంటే ఎక్కువ భయపడ్డ ప్రయాణం గురించే రాస్తున్నాను. మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, ఆయన బిడ్డ అనసూయక్క. అక్కకు పోలీసు కొలువంటే ప్రాణం. ఆడవాళ్లను కానిస్టేబుళ్లుగా తీసుకుంటున్నారని విన్నప్పటి నుంచి దానికి అన్నం సయించలేదు. పెద్దబాపేమో "ఆడిపిల్లకు లాఠీ ఏందే? సప్పుడు జెయ్యక ఉండు" అని ఒక్క మాటతో తేల్చేశాడు. దరఖాస్తు గడువు దగ్గరపడుతోంది. ఆయన ఊ అననిదే మా ఇంట్లో ఏ పనీ కాదు.

సరిగ్గా అప్పుడే వరంగల్‌లో ఇద్దరు ఆడ పోలీసుల సినిమా వచ్చింది. నెక్కొండ స్టేషన్ బయట గోడకు పోస్టర్ వేశారు. ఖాకీ బట్టలు, నెత్తిన టోపీలు, చేతుల్లో లాఠీలు, ఇద్దరి కళ్లూ ఎర్రగా ఉరిమి చూస్తున్నాయి. అక్క దాని ముందు నిలబడిపోయి "బాపు ఇది చూసిండంటే ఒప్పుకుంటడు చెల్లె, రాసిపెట్టుకో" అంది. పెద్దబాపుకు ఎలాగూ కాశిబుగ్గలో జంపఖానా కొనే పనుంది. ఇంట్లో చుట్టాలొస్తే నేలమీద పరిచేందుకు. అక్క ఆయన కాళ్లావేళ్లా పడి, పని అయ్యాక మధ్యాహ్నం ఆట చూపించేలా మాట తీసుకుంది. తోడుకు నన్ను లాక్కుపోయింది.

పొద్దున ప్యాసింజర్ ఎక్కితే గంట అటూ ఇటూగా వరంగల్‌లో దిగేవాళ్లం. టికెట్టు రెండు మూడు రూపాయల్లోపే. స్టేషన్ బయటే రిక్షాలు. కాశిబుగ్గలో నేతగాళ్ల వాకిళ్ల ముందుకు పోగానే మగ్గాల చప్పుడుకు పక్క మనిషి మాట వినపడదు. నేసే పెద్దాయన జంపఖానా పరిచి "అంచు జర పట్టి చూడు పటేలా, నీ మనుమలు గూడ పండుకుంటరు దీనిమీద" అన్నాడు. పెద్దబాపు దాన్ని తిప్పి, మడిచి, వాసన చూసి, చివరికి కాలితో తొక్కి మరీ కొన్నాడు. మాకేమో ఆట టైమవుతోందని ప్రాణం గిలగిల. కొనేవాళ్లు పొద్దున్నే పోండి, పగటెండలో బేరం చేసే ఓపిక ఉండదు.

అక్కడి నుంచి చౌరస్తాకు రెండు రిక్షాలు మాట్లాడుకున్నాం. జంపఖానాతో పెద్దబాపు ముందు రిక్షాలో, మేమిద్దరం వెనక రిక్షాలో. ఏ టాకీసుకని అడిగి, మేం పేరు చెప్పగానే మా రిక్షా అన్న పకపకా నవ్వాడు.

"ఆ ఇద్దరు పోలీసమ్మలదా? నేను రెండుమాట్ల చూసిన చెల్లె. ఇద్దరు గలిసి ఒక్క దొంగను పట్టలేరు. నవ్వి నవ్వి కడుపు నొస్తది!"

అక్క ముఖం పాలిపోయింది. "నవ్వుల సినిమానా అన్నా?"

"మరేమనుకున్నరు? పోస్టర్ చూసి మోసపోయిండ్రా?"

ఓరి దేవుడా! ఆడ పోలీసులంటే ఎంత గొప్పో చూపించాలని ఆయన్ని ఇంత దూరం పట్టుకొస్తే, వాళ్లను చూసి ఊరంతా నవ్వుకునే సినిమానా! "అన్నా, జర తొందరగా తొక్కు, ముందు రిక్షాను ఆపాలె" అని నేను బతిమాలాను. ఏం లాభం? మేం చేరేసరికి పెద్దబాపు టాకీసు ముందు జంపఖానా భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. "పోండ్రి, ఆడోళ్ల లైన్‌ల టికెట్లు తీసుకోండ్రి" అన్నాడు. ఆయన మాట తప్పే మనిషి కాదు, ఆ రోజు తప్పితే బాగుండుననిపించింది.

ఆ రోజుల్లో మా వైపు టాకీసుల్లో ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. మధ్యలో అడ్డుగోడ. ఆయన అటు, మేము ఇటు. తెర మీద ఏం జరిగినా ఆయన ముఖం మాకు కనపడదు. సినిమా మొదలైంది. ఒక పోలీసమ్మ బొద్దుగా ఉంటుంది, లాఠీ మరిచినా మిర్చి బజ్జీల పొట్లం మరవదు. ఇంకొకామె తాటిచెట్టంత పొడవు, అన్నీ రూల్ ప్రకారం కావాలంటుంది. పొద్దున లేస్తే ఇద్దరికీ పడదు. పట్టుకున్న దొంగను జీపులో ఎక్కిస్తే జీపు కదలదు. దొంగే దిగి వెనక నుంచి నెడతాడు! బండి స్టార్టు కాగానే పరుగెత్తుకొచ్చి మళ్లీ ఎక్కి కూర్చుంటాడు. అటు మగవాళ్లు ఈలలు, చప్పట్లు. ఇటు ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకుంటున్నారు. అక్క మాత్రం కళ్లు తుడుచుకుంటోంది. "ఇగ అయిపోయింది చెల్లె, బాపు నన్ను గడప దాటనియ్యడు" అంది. నాకు నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది.

ఇంటర్వెల్‌లో బయటికి ఉరికాం. చాయ్ కొట్టు దగ్గర లేడు, గేటు దగ్గర లేడు. "కోపమొచ్చి స్టేషన్‌కు పోయిండే!" అని అక్క గోడకు చేరగిలబడింది. మిగతా సగం సినిమా ఎలా చూశామో మాకే తెలియదు. చివర్లో పొడుగామె బావిలో పడితే, బొద్దుగా ఉన్నామె తిట్టుకుంటూ తాడు వేసి రాత్రంతా పట్టుకు కూర్చుంటుంది. అది ఒక్కటే గుర్తు.

ఆట వదిలాక గేటు ముందు పెద్దబాపు! పక్కన జంపఖానా. మాకు ప్రాణం లేచొచ్చింది.

"ఇంటర్వెల్‌ల ఏడికి పోయినవ్ బాపు?" అని అక్క దాదాపు అరిచింది.

"ఏడికి పోతనే? లేస్తే బెంచీ మీద ఇంకోడు కూసుంటడు. జాగ పోతదని లేవలే."

చౌరస్తాలో చాయ్ తాగించాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "నాకు నీ కొలువు భయం కాదు బిడ్డా. మొగోళ్ల నడుమ ఒక్కదానివే ఉంటవని భయం. ఆ ఇద్దరు చూసినవా, దినాం కొట్లాడుడే, అయినా ఒకలనొకలు ఇడువలే." అని నా వైపు తిరిగాడు. "సుగుణా, నువ్వు గూడ దరఖాస్తు పెట్టు. ఇద్దరైతే నాకు ఫికర్ లేదు."

నేనా? బల్లిని చూస్తే మంచమెక్కేదాన్ని! అక్క బల్ల కింద నా తొడ గిల్లింది. "పోత పెద్దబాపు" అన్నాను.

ఇద్దరం ఎంపికకు పోయాం. అక్క ఎంపికైంది. నేను పొడవు చాలక తిరిగొచ్చాను. హమ్మయ్య అనుకున్నానే గానీ, తోడు లేదని ఆయన అక్కను ఆపేస్తాడేమోనని భయపడ్డాను. పెద్దబాపు నన్ను పైనుంచి కిందికి చూసి "పొట్టిదానివైతే ఏమాయె? అక్క కొలువు జేస్తది, నువ్వు దాని రూంల ఉండి కాలేజీల చదువుకో. ఇద్దరు ఉండాలంటి గదా" అన్నాడు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్లను నేనే.

ఇప్పటికీ ఆ చౌరస్తా దాటుతుంటే నా గుండె తేలికవుతుంది. ఆ రోజు మగవాళ్ల వైపు నుంచి అన్ని నవ్వులు వినపడ్డాయి, అందులో పెద్దబాపు నవ్వు ఏదో మాకు తెలియలేదు. అసలు ఆయన నవ్వాడో లేదో అడగడానికి మాకు ధైర్యం చాలలేదు, ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేడు. అందుకే వరంగల్ పోయేవాళ్లకు ఒక్క మాట: ఇంట్లో పెద్దవాళ్లను సినిమాకు తీసుకుపోతే టికెట్లు పక్కపక్కనే తీసుకోండి. ఇప్పుడా అడ్డుగోడలు లేవు. సినిమా కాసేపు పోయినా పర్వాలేదు, వాళ్ల ముఖం చూడండి.