మూడు మీద కొసరు

మార్కుల విషయంలో నేను పిసినారిని. ఈ మాట పిల్లలు నా వెనక అంటారు, స్టాఫ్ రూములో తోటి టీచర్లు నా మొహం మీదే అంటారు. బోధన్ దాటాక కాలువ పక్కనున్న ఒక సర్కారు హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రోజూ నిజామాబాద్ నుంచి బస్సులో వెళ్లి వస్తాను. మార్కుల దగ్గర బేరాలాడితే నాకు ఒళ్లు మండుతుంది. తెలిస్తే మార్కు వేస్తాను, తెలియకపోతే సున్నా చుడతాను. ఇందులో నన్ను తిట్టుకోవడానికి ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అసలు నా కోపమంతా ప్రాజెక్టుల మీద. పరీక్షకు ఎనభై మార్కులు, క్లాసులో చేసే పనికి ఇరవై అని పెట్టాక పిల్లలకు చార్టుల పిచ్చి పట్టుకుంది. బోధన్‌లో స్టేషనరీ దుకాణానికి పోయి "తొమ్మిదో తరగతి, లెక్కలు" అంటే చాలు, దుకాణం ఆయనే ఒక చార్టు తీసి, చుట్టి, రబ్బరు బ్యాండు వేసి చేతిలో పెడతాడు. అంచులకు మెరుపు కాగితం, మధ్యలో ఒక వృత్తం, కింద పేరు రాసుకోవడానికి ఖాళీ. ఒక ఏడాది సగం క్లాసు అదే చార్టు తెచ్చింది. అందరి వృత్తానికీ కేంద్రం ఒకే వైపు జరిగి ఉంది. సాంఘిక శాస్త్రం సారైతే అలాంటి వాటికి నిండుగా మార్కులు వేసేస్తారు. నేను అయిదుకు ఒకటి వేస్తాను. అది కూడా దుకాణం దాకా నడిచినందుకు.

కిందటి చలికాలం ఈ పిసినారితనమే నన్ను ఇరకాటంలో పెట్టింది.

తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. క్లాసులో చివరి బెంచీ, నోరు విప్పదు. బోర్డు దగ్గరికి పిలిస్తే సుద్దముక్క పట్టుకుని నేల చూపులు చూస్తుంది. అదే పిల్ల సాయంత్రం ఖోఖో గ్రౌండులో దిగితే ఎవరికీ చిక్కదు. వాళ్లమ్మ పొద్దు పొడవకముందే చెరకు కొట్టుడుకు కూలికి పోతుంది కాబట్టి ఇంటిల్లిపాదికీ రొట్టెలు చేసేది ఈ అమ్మాయే. అవి చేసి, సర్ది, పరుగున బడికొస్తుంది. ఆ పరుగే ఆటలోకి వచ్చిందని మా వ్యాయామం సారు మురిసిపోయేవారు. ఆ ఏడు మా బడి ఆడపిల్లల జట్టు మొదటిసారి నిజామాబాద్‌లో జిల్లా పోటీలకు ఎంపికైంది. ఆ అమ్మాయే కెప్టెన్.

అయితే మా పెద్ద మేడం దగ్గర ఒక రూలు ఉంది. ఏ సబ్జెక్టులోనైనా అన్నీ కలిపి ముప్పై అయిదు దాటని పిల్లలు ఆటలకు పోవడానికి వీల్లేదు. ఆ అమ్మాయికి అన్ని సబ్జెక్టులూ దాటాయి. నా లెక్కల్లో మాత్రం మూడు మార్కులు తక్కువ పడ్డాయి. ప్రాజెక్టు కింద తనూ ఆ దుకాణం చార్టే తెచ్చింది.

వ్యాయామం సారు నా టేబుల్ దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"మేడం, మూడు మార్కులే గదా. ఇయ్యరాదుండ్రి. పోరి ఏడుస్తున్నది."

"మూడు మార్కులు చెట్లకు కాస్తున్నాయా సార్?"

"మీ ప్రాజెక్టు మార్కులు మీ చేతిలనే ఉన్నయి గద మేడం. గా చార్టుకే జరంత ఎక్కువేస్తే అయిపాయె. మీకు పుణ్యముంటది."

చార్టు అనగానే నాకు మండింది. నన్ను రాచి రంపాన పెట్టినా ఆ చార్టుకు ఒక మార్కు మించి వేయనని చెప్పేశాను. ఆయన మొహం ముడుచుకుని వెళ్లిపోయారు. కానీ ఆ సాయంత్రం బస్సు ఎక్కుతూ చూస్తే, ఆ అమ్మాయి గ్రౌండులో ఒక్కతే పోల్ చుట్టూ తిరుగుతూ సాధన చేస్తోంది. పోటీకి పోతుందో లేదో తెలియకుండానే ఆడుతోంది. నాకు మనసు చివుక్కుమంది. ఊరికే ఇవ్వలేను, ఇవ్వకుండా ఉండలేను.

నిజామాబాద్‌లో దిగి కూరగాయలకు వెళ్లాను. నేను ఎప్పుడూ కొనే ఆవిడ పక్కనున్న మరాఠీ ముసలాయనతో మరాఠీలో, నాతో మన భాషలో ఒకేసారి మాట్లాడుతుంది. ఆ రోజు నేను పరధ్యానంగా ఉండి, ఇంకా ఏదీ కొనకుండానే కొత్తిమీర కట్ట తీసి సంచిలో వేసుకోబోయాను. ఆవిడ నా చేతిలోంచి కట్ట లాక్కుంది.

"తూకం అయినంక గదా అక్క కొసరు! ముందుగాల టమాటలు తీస్కోరాదు. ఉత్తగ కొసరు ఎవ్వలిస్తరు?"

నేను అక్కడే నిలబడి పకపకా నవ్వాను. టమాటలు, వంకాయలు తూకం వేయించుకున్నాను. అప్పుడు ఆవిడ అడక్కుండానే కొత్తిమీర, గుప్పెడు పచ్చిమిరపకాయలు సంచిలో పడేసింది. ఇంటికి నడుస్తూ ఉంటే మనసు తేలికపడింది. కొసరు ఇవ్వడంలో తప్పు లేదు, ముందు తూకం కావాలి, అంతే.

మర్నాడు క్లాసులో అందరికీ చెప్పాను. "కొసరు మార్కులు ఇస్తాను. చార్టు తెస్తే చింపేస్తాను. ఇంట్లో గుండ్రంగా ఉన్న వస్తువు ఏదైనా తీసుకురండి. ఒక దారం తెచ్చుకోండి. దాని చుట్టుకూ అడ్డానికీ లెక్క ఏంటో నా ముందు చేసి చూపించాలి. చేసి, ఎందుకలా వచ్చిందో మీ మాటల్లో చెప్పినవాళ్లకే కొసరు."

"ఎన్ని మార్కులు మేడం?" అని ముందు బెంచీ అరిచింది.

"పని చూశాక చెప్తా."

ఆటగాళ్ల పేర్లు మర్నాడు సాయంత్రానికల్లా పంపాలి. బడి వదిలేలోపు నేను మార్కులు వేస్తే పెద్ద మేడం సంతకం పెడతారు, లేకపోతే కెప్టెన్ లేకుండా జట్టు వెళుతుంది. ఆ అమ్మాయి చివరి బెంచీలో నుంచి నా వైపే చూస్తోంది. ఏడాదిలో మొదటిసారి నా కళ్లలోకి చూసింది.

మర్నాడు పొద్దున నా టేబుల్ మీద సంత వెలిసింది. గాజులు, స్టీలు పళ్లేలు, నీళ్ల రంజన్ మూత, సైకిల్ చక్రం. ఒకళ్లయితే చెరకు గడను బిళ్లలుగా కోసి తెచ్చారు, కాకపోతే ప్రార్థన అయ్యేసరికి సాక్ష్యమంతా నమిలి ఊసేశారు. ఆ అమ్మాయి ఒక తెల్ల బట్టలో మూట తెచ్చి పెట్టింది. అందులో రెండు జొన్న రొట్టెలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అంచులు పగలకుండా తడి వేలితో దిద్ది చేసింది. ఇంట్లో కొలవలేదట. మేడం ముందర కొలిస్తేనే చెల్లుతుందనుకుందట. మధ్యాహ్నం పీరియడులో చూస్తానని అన్నీ స్టాఫ్ రూములో పెట్టించాను.

ఇక్కడ మా స్టాఫ్ రూము పద్ధతి ఒకటి చెప్పాలి. మా టేబుల్ మీద బట్టలో మూటకట్టి ఏది కనబడినా అది అందరిదీ. పిల్లల ఇళ్ల నుంచి ఉడకబెట్టిన పల్లీలు, మక్కకంకులు, రేగుపండ్లు వస్తూనే ఉంటాయి. ఎవరిచ్చారని ఎవరూ అడగరు, తినేస్తారు. నేను ఆ పద్ధతిలోనే ఏళ్లుగా తింటున్నాను. అయినా ఆ రోజు నాకు ఎందుకు గుర్తు రాలేదో!

ఇంటర్వెల్‌లో వెళ్లి చూస్తే తెల్ల బట్ట మడతపెట్టి ఉంది. వ్యాయామం సారు మూతి తుడుచుకుంటున్నారు.

"ఎవరు తెచ్చిన్రో గని మేడం, మస్తుగున్నయి. పొద్దుగాల సంది గ్రౌండ్‌లనే ఉన్న, కడుపు కాలవట్టె. కారంపొడి గూడ పెడితే ఇంకింత బాగుండు."

"సార్, మీరు తిన్నది మీ కెప్టెన్ మూడు మార్కులు."

ఆయన నోట్లో ఉన్న చివరి ముద్ద మింగలేక, ఉమ్మలేక నీళ్ల సీసా వెతుక్కున్నారు. నాకు కోపం రావాల్సింది. ఎందుకో నవ్వు ఆగలేదు. ఇంతలో చూస్తే తలుపు దగ్గర ఆ అమ్మాయి నిలబడి ఉంది. ఖాళీ బట్ట చూసింది. ఏడుస్తుందేమోనని నాకు భయం వేసింది. ఆ పిల్ల మాత్రం సారు వైపు జాలిగా చూసి, "తింటే తిన్నరు తియ్యుండ్రి సార్. మేడం, మల్ల జేస్త" అంది.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. సారు బైకు తీసి ఊళ్లోకి ఉరికి జొన్నపిండి తెచ్చారు. మధ్యాహ్న భోజనం వండే అక్క, "నా పొయ్యి మీద ఇంకొగలు రొట్టె జేసుడేంది" అని గొణుగుతూనే పెనం దించి ఇచ్చింది. తొమ్మిదో తరగతి మొత్తం వంటగది చుట్టూ మూగింది. ఆ అమ్మాయి పిండిలో వేడి నీళ్లు పోసి పిసికి, అరచేత్తో తట్టడం మొదలుపెట్టింది. చూస్తుండగానే రొట్టె తిరుగుతూ పెరిగింది. బోర్డు దగ్గర సుద్దముక్క కదపని చెయ్యి ఇదేనా అనుకున్నాను.

రొట్టె కాలాక పళ్లెంలో వేసి దాని అంచు చుట్టూ దారం పెట్టింది. వేళ్లు కాలుతుంటే ఊదుకుంటూ సరిగ్గా ఒక చుట్టుకు దారం తెంపింది. తర్వాత అదే దారాన్ని రొట్టెకు అడ్డంగా పరిచింది. ఒకసారి పట్టింది, రెండుసార్లు పట్టింది, మూడుసార్లు పట్టింది. ఇంకా చిన్న ముక్క మిగిలింది.

"మూడు అడ్డాలు. మీదికెళ్లి గింత మిగిలింది మేడం."

"చిన్న రొట్టె చేస్తే?"

చేసింది. అదీ మూడు అడ్డాలే, మీద కొంచెం మిగిలింది. ఈసారి మిగిలిన ముక్క మరీ చిన్నది. ఆ అమ్మాయి మిగిలిన రెండు ముక్కలనూ తెంపి, పక్కపక్కన పెట్టి కనుబొమలు ముడిచింది. నేను చెబుదామని నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాను. కాసేపటికి తనే చిన్న ముక్కను చిన్న రొట్టె మీద అడ్డంగా జరుపుతూ పోయింది. దగ్గర దగ్గర ఏడుసార్లు పట్టింది. పెద్ద ముక్కను పెద్ద రొట్టె మీద జరిపింది. అదీ ఏడే.

"మేడం! రొట్టె ఎంతదైనా మూడు తూకం, మీద కొసరు! గా కొసరు, అడ్డంల ఏడో వంతు. ఇరువై రెండు బై ఏడంటే గిదేనా? గిన్ని దినాలు ఊకెనే బట్టీ పట్టిన!"

వంటగది ముందు చప్పట్లు మోగాయి. ఇన్నేళ్లుగా 'పై' విలువ ఇరవై రెండు బై ఏడు అని బోర్డు మీద రాసి అప్పజెప్పించుకున్నాను కానీ, ఇంత బాగా ఏ పిల్ల నోటా వినలేదు. సంతోషంతో ఆ పిల్లను దగ్గరికి తీసుకున్నాను, చీరంతా పిండి అయింది.

బడి వదలకముందే పెద్ద మేడం దగ్గరికి వెళ్లి మార్కులు వేశాను. ఆవిడ అద్దాల పైనుంచి చూసి, "మూడు సరిపోతాయి కదా, నాలుగు వేశారేంటి? మీరేనా?" అన్నారు.

"మూడు తూకం మేడం. నాలుగోది కొసరు" అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు, కానీ సంతకం పెట్టారు.

పోటీల రోజు నేను జీవితంలో మొదటిసారి ఖోఖో చూడటానికి గ్రౌండుకు వెళ్లాను. నియమాలు సగం అర్థం కాలేదు. ఆ అమ్మాయి పోల్ చుట్టూ తిరిగినప్పుడల్లా వ్యాయామం సారు కంటే నేనే గట్టిగా అరిచానని తర్వాత చెప్పారు. మా వాళ్లు ఫైనల్లో ఓడిపోయారు. దానికి ఎవరూ పెద్దగా బాధపడలేదు, ఎందుకంటే అందరికీ ఆకలి దంచేస్తోంది.

ఆ అమ్మాయి చెమట తుడుచుకుంటూ వచ్చి నా ఒళ్లో తెల్ల బట్ట మూట పెట్టింది. ఇప్పుడు వెచ్చగా లేకపోయినా జొన్న వాసన కమ్మగా ఉంది. ఈసారి కారంపొడి కూడా ఉంది. సారు ఆశగా దగ్గరికి జరిగారు. నేను అలవాటు కొద్దీ, ఆ రోజు నుంచి బ్యాగులో వేసుకు తిరుగుతున్న దారం కోసం వెతకబోయాను.

ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని ఆపి నవ్వింది.

"గిది కొలిసేది గాదు మేడం. మీరు తినేది."